ప్రాసిక్యూషన్ కార్యాలయాల బడ్జెట్ ప్రతిపాదన: నంబర్ స్టేట్‌మెంట్ నుంచి శాసనసభ ఆమోదం దాకా

జడ్జి బెంచి మీద ఉన్నారు. ముద్దాయి హాజరయ్యాడు. సాక్షి కోడి కూసేవేళ బస్సెక్కి వచ్చి వరండాలో కూర్చున్నాడు. ప్రభుత్వం తరఫున కేసు నడిపే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ఏపీపీ) మాత్రం లేరు, ఇన్‌చార్జి బాధ్యత మీద పక్క ఊరి కోర్టులో ఉన్నారు. వాయిదా పడుతుంది, సాక్షి మళ్లీ రావాలి. ఆ కుర్చీ ఖాళీగా ఉండటానికి కారణం చాలాసార్లు ఏడాదిన్నర కిందట జిల్లా నుంచి వెళ్లిన ఒక బడ్జెట్ పట్టికలో దొరుకుతుంది. ఆ పట్టికలో ఈ కోర్టు పేరే ఉండదు.

అందుకే ఈ పని మొత్తానికీ ఒకటే సూత్రం: అడిగే ప్రతి రూపాయినీ ఒక కోర్టుకో, ఒక పోస్టుకో, ఒక జీవోకో కట్టి చూపాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో డైరెక్టరేట్ ఆఫ్ ప్రాసిక్యూషన్స్ కింద పనిచేసే కార్యాలయాల సూపరింటెండెంట్లు, సీనియర్ అసిస్టెంట్లు, డీడీఓ (బిల్లులు పెట్టి సొమ్ము తీసి పంచే అధికారి) బాధ్యత చూసే ప్రాసిక్యూటర్లను దృష్టిలో పెట్టుకుని రాసిన మార్గదర్శి ఇది.

ముందు తేల్చుకోవాల్సింది: ఏ ఖర్చు ఎవరి ఖాతాది

ప్రాసిక్యూషన్ ఒకప్పుడు పోలీసు శాఖ నీడలో నడిచింది. ఎస్.బి. షహానే కేసులో 1995లో సుప్రీంకోర్టు ఏపీపీలను పోలీసుల అదుపు నుంచి విడదీసి వేరే క్యాడర్‌గా నిలపాలని చెప్పింది. 2005 సవరణతో క్రిమినల్ విచారణల పాత చట్టం సీఆర్‌పీసీలోకి 25ఎ సెక్షన్ వచ్చి డైరెక్టరేట్‌కు చట్టపు పునాది ఏర్పడింది. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇదే విషయం 20వ సెక్షన్‌లో ఉంది. రాష్ట్ర స్థాయి డైరెక్టరేట్‌తో పాటు ప్రతి జిల్లాలో జిల్లా డైరెక్టరేట్ గురించి కూడా ఆ సెక్షన్ చెబుతుంది. డైరెక్టర్ హోం శాఖ పరిపాలనా అదుపులో ఉంటారు. కాబట్టి మీ ప్రతిపాదన వెళ్లే దారి జిల్లా, డైరెక్టరేట్, హోం శాఖ, ఆర్థిక శాఖ. జిల్లా జడ్జి కార్యాలయం గుండా కాదు, ఎస్పీ కార్యాలయం గుండా కాదు.

కార్యాలయం కోర్టు ఆవరణలోనే ఉండటం వల్ల రోజువారీ ఖర్చులో గందరగోళం వస్తుంది. సాక్షులకు ఇచ్చే బత్తా కోర్టు ఉత్తర్వు మీద చెల్లించేది, అది మీ హెడ్‌లో (బడ్జెట్ పద్దులో) అడగకూడదు. కరెంటు మీటరు కోర్టుదే అయి, బిల్లు వాళ్లే కడుతుంటే మీరు నీరు-విద్యుత్తు కింద సొమ్ము అడగడం తప్పు. సబ్‌మీటరు పెట్టి మీ వాటా మీచేత కట్టిస్తుంటే అడగకపోవడం తప్పు. నిర్ణీత కాలానికి నియమితులైన పీపీలు (పబ్లిక్ ప్రాసిక్యూటర్లు), అదనపు పీపీల గౌరవ వేతనం విషయంలో మరీ జాగ్రత్త అవసరం. వారి నియామకం న్యాయ శాఖ ఉత్తర్వుల మీద జరుగుతుంది కాబట్టి చెల్లింపు ఏ శాఖ హెడ్ నుంచి వస్తోందో పోయిన ఏడాది బిల్లు తీసి చూడండి. ఊహ మీద రాస్తే అదే మనిషికి రెండు శాఖలూ అడుగుతాయి, లేదా రెండూ వదిలేస్తాయి. రెండో పొరపాటు జరిగితే ఆయనకు నెలల తరబడి డబ్బు అందదు.

హెడ్‌లు: అంకెలకు ముందు చిరునామా

ప్రాసిక్యూషన్ ఖర్చు సహజంగా పడేది మేజర్ హెడ్ 2014, అంటే న్యాయపాలన కింద. పోలీసుది 2055. ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే షహానే తీర్పు సారం ఉంది. 2014 కింద మైనర్ హెడ్ 114 న్యాయ సలహాదారులు, న్యాయవాదులది. దాని కింది సబ్ హెడ్‌ను మీ పాత బిల్లు మీద ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయండి. జ్ఞాపకం మీద రాయవద్దు. ఒక్క అంకె తేడా పడితే సొమ్ము మరో కార్యాలయం ఖాతాలో కూర్చుంటుంది, దాన్ని వెనక్కి తెప్పించడానికి అర్ధ సంవత్సరం పడుతుంది.

రెండు రాష్ట్రాల్లోనూ డిటైల్డ్ హెడ్‌ల (ఖర్చు ఏ రకమో చెప్పే అంకెల) వరుస ఉమ్మడి రాష్ట్రం నుంచి వచ్చిందే. మీకు రోజూ పనికొచ్చేవి:

- 010 జీతాలు. ఇందులో 011 మూల వేతనం, 012 అలవెన్సులు, 013 డీఏ (కరువు భత్యం), 016 హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం), 017 వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంట్, 018 సరెండర్ లీవు (వాడని సెలవుకు బదులు సొమ్ము), 019 ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ)
- 111 టీఏ (ప్రయాణ భత్యం)
- 131 తపాలా, ఫోను. 132 ఇతర ఆఫీసు ఖర్చులు. 133 నీరు, విద్యుత్తు. 134 అద్దె వాహనం
- 140 అద్దెలు; 160 ప్రచురణలు; 240 పెట్రోలు, డీజిలు
- 281 ప్లీడర్ ఫీజులు
- 300 ఔట్‌సోర్సింగ్ తరహా కాంట్రాక్టు సేవలు
- 520 యంత్రాలు, పరికరాలు

ప్రాసిక్యూషన్ ఖర్చు సభ ఓటు వేసి ఆమోదించే ఖర్చు. ఒక్కచోట మినహాయింపు ఉంది. ఎవరైనా ఉద్యోగి బకాయి కోసం కోర్టుకు వెళ్లి తీర్పు తెచ్చుకుంటే, ఆ తీర్పు అమలుకు చెల్లించే సొమ్ము రాజ్యాంగం 202(3) అధికరణ ప్రకారం చార్జ్‌డ్ ఖర్చు, అంటే సభ ఓటు అక్కరలేనిది. దాన్ని జీతాల అంకెలో కలిపేయకుండా చార్జ్‌డ్ అని రాసి, తీర్పు నకలు జతచేసి విడిగా అడగాలి. లేకపోతే ఆర్థిక శాఖ దాన్ని జీతాల్లో అనవసరమైన పెరుగుదలగా చూసి కోత వేస్తుంది. ఆ తర్వాత కోర్టు ధిక్కార నోటీసు మీ డైరెక్టర్ పేరు మీద వస్తుంది.

మొదటి మెట్టు: కోర్టుల పట్టిక

ఆర్థిక శాఖ బడ్జెట్ సర్క్యులర్ సాధారణంగా అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది. వచ్చాక గడువు రోజుల్లోనే ఉంటుంది. అందుకే ఈ పట్టికను సెప్టెంబరులోనే పూర్తిచేసి పెట్టుకోవాలి. ఒక్కో కోర్టుకు ఒక్కో వరుస: కోర్టు పేరు, ఊరు, ఏర్పాటు జీవో నంబరు, ప్రాసిక్యూటర్ పోస్టు మంజూరు జీవో నంబరు, ప్రస్తుతం ఎవరు చూస్తున్నారు, రెగ్యులరా ఇన్‌చార్జా, ఇన్‌చార్జి అయితే ఎన్ని కిలోమీటర్ల దూరం, పెండింగ్‌లో ఉన్న సీసీలు (క్యాలెండర్ కేసులు), ఎస్సీలు (సెషన్స్ కేసులు) ఎన్ని, వాటిలో సాక్షుల విచారణ దశలో ఉన్నవి ఎన్ని.

ఈ ఆఖరి గడి చాలామంది వదిలేస్తారు. మొత్తం పెండింగ్ సంఖ్య పెద్దదిగా కనిపిస్తుంది కాబట్టి అదే రాసి ఊరుకుంటారు. అందులో సమన్లు అందని కేసులు, వారంట్లు తిరుగుతున్న కేసులు ఎన్నో ఉంటాయి. వాటికి ప్రాసిక్యూటర్ సమయం పెద్దగా పట్టదు. ప్రాసిక్యూటర్ మనిషిగా అక్కడ నిలబడాల్సింది సాక్షుల విచారణ రోజునే. కేసుల దశలు ఈ-కోర్టుల వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడగలరు, అంకెలు పొసగకపోతే ఆర్థిక శాఖ అధికారి అక్కడే పట్టుకుంటారు.

పట్టిక తయారయ్యాక చాలా జిల్లాల్లో ఒక ఖాళీ బయటపడుతుంది. కోర్టు ఏర్పాటు జీవో గడి నిండి ఉంటుంది, ప్రాసిక్యూటర్ పోస్టు జీవో గడి ఖాళీగా ఉంటుంది. కొత్త కోర్టు వచ్చినప్పుడు జడ్జికి, కోర్టు సిబ్బందికి పోస్టులు ఆ ఉత్తర్వులోనే వస్తాయి. ప్రాసిక్యూటర్ హోం శాఖ మనిషి, ఆయన పోస్టుకు మరో ఫైలు నడవాలి. ఆ ఫైలు ఎవరూ కదిలించకపోతే కోర్టు పనిచేస్తుంది, ప్రాసిక్యూటర్ మాత్రం అరువు మీద వస్తాడు. తెలంగాణలో 2022 జూన్ 2న జ్యుడీషియల్ జిల్లాలు 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న పరిపాలనా జిల్లాలు 13 నుంచి 26కు పెరిగాయి. ఇలాంటి పునర్వ్యవస్థీకరణ తర్వాత ఈ గడులను ఒక్కొక్కటిగా మళ్లీ సరిచూడకుండా పాత పట్టికనే తేదీ మార్చి పంపడం పెద్ద నష్టం.

రెండో మెట్టు: నంబర్ స్టేట్‌మెంట్

బడ్జెట్‌లో సింహభాగం జీతాలదే. జీతాల లెక్కకు ఆధారం నంబర్ స్టేట్‌మెంట్. మంజూరైన పోస్టు ఏది, అందులో ఎవరున్నారు, మూల వేతనం ఎంత, ఇంక్రిమెంటు ఏ నెలలో, ఎన్ని నెలల జీతం కావాలి అన్నది ఇందులో మనిషి మనిషికీ వస్తుంది. ఇది కుదిరితే మిగతాది గుణకారమే.

మొదట తప్పు జరిగేది నెలల లెక్కలో. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి దాకా. కానీ మార్చి జీతం చేతికి వచ్చేది ఏప్రిల్‌లో, అంటే కొత్త ఆర్థిక సంవత్సరంలో. కాబట్టి ఒక ఏడాది బడ్జెట్ మోసేది మార్చి నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న 12 జీతాలను. దీన్ని మూడు సందర్భాలకు వర్తింపజేసి చూడండి.

ఏడాది పొడవునా ఉండే వ్యక్తికి 12 నెలలు. జులై 1న చేరబోయే కొత్త ఏపీపీకి జులై నుంచి ఫిబ్రవరి దాకా 8 నెలలే, 9 కాదు. జూన్ 30న రిటైరయ్యే వ్యక్తికి మార్చి, ఏప్రిల్, మే, జూన్ కలిపి 4 నెలలు, 3 కాదు. రిటైర్మెంట్ వయసు ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61. సర్వీసు రిజిస్టర్లలో పుట్టిన తేదీ చూసి వచ్చే 18 నెలల్లో వెళ్లిపోయే వారి జాబితా ముందే రాసుకోండి.

ఇప్పుడు లెక్క. అర్థం కావడానికి తీసుకున్న అంకెలు ఇవి: మూల వేతనం 60,000, డీఏ 30 శాతం, హెచ్‌ఆర్‌ఏ 10 శాతం. నెలకు 60,000 + 18,000 + 6,000 = 84,000. పూర్తి ఏడాదికి 10,08,000. జులై 1న చేరితే 8 నెలలకు 6,72,000. ఇందులో 011 కింద 4,80,000, 013 కింద 1,44,000, 016 కింద 48,000 వెళ్లాలి. మొత్తం సరిపోయింది కదా అని అంతా 011లోనే పెడితే డీఏ బిల్లు దగ్గర ట్రెజరీలో ఆగిపోతుంది. ఒక హెడ్‌లో మిగులు, పక్క హెడ్‌లో సున్నా, మధ్యలో జీతం రాని ఉద్యోగి.

డీఏ ఎంత శాతం వేయాలో సర్క్యులర్‌లోనే ఉంటుంది. త్వరలో పెరుగుతుందని విన్నాం కదా అని సొంతంగా కలపవద్దు. కార్యాలయం నుంచి కార్యాలయానికి శాతం మారితే డైరెక్టరేట్‌లో కూడిక పొసగదు. పంపేముందు ఒక సులువైన పరీక్ష చేయండి: 013 అంకెను 011 అంకెతో భాగిస్తే సర్క్యులర్‌లోని శాతమే రావాలి. రాకపోతే ఆ రెండింటిలో ఏదో ఒక హెడ్‌లో ఒక మనిషి రెండుసార్లు పడ్డారు, లేదా ఒకరు తప్పిపోయారు. హెచ్‌ఆర్‌ఏ ఊరిని బట్టి మారుతుంది కాబట్టి ఆ కూడికను ఊరి వారీగా విడగొట్టి చూడాలి. జిల్లా కేంద్రంలో పనిచేసే వారి శాతాన్ని మండల కేంద్రంలోని ఏపీపీకి వేసేయడం తరచుగా కనిపించే పొరపాటు. సీపీఎస్‌లో (ఉద్యోగి, ప్రభుత్వం చెరికొంత జమచేసే పెన్షన్ పథకంలో) ఉన్నవారి విషయంలో ప్రభుత్వ వాటా పెన్షన్ల హెడ్ నుంచి వెళ్తుంది, మీ జీతాల్లో దాన్ని కలపనక్కరలేదు.

ఖాళీల విషయంలో రెండు అతివాదాలు ఉన్నాయి. ఖాళీలన్నిటికీ పూర్తి ఏడాది జీతం అడిగేవారు కొందరు, ఖాళీలను అసలు చూపనివారు కొందరు. మొదటివారికి కోత పడుతుంది, పైగా ఆ జిల్లా అంకెల మీద నమ్మకం పోతుంది. రెండోవారికి అంతకన్నా పెద్ద ప్రమాదం. ఏళ్ల తరబడి స్టేట్‌మెంట్‌లో కనిపించని పోస్టును ఆర్థిక శాఖ అవసరం లేనిదిగా తీసుకుంటుంది. సరైన పద్ధతి ఏమిటంటే, ఖాళీ పోస్టును పేరు గడిలో 'ఖాళీ' అని రాసి తప్పక చూపాలి, ఏ తేదీ నుంచి ఖాళీయో రాయాలి, సొమ్ము మాత్రం భర్తీకి ఆధారం ఉన్న నెలలకే అడగాలి. ఏపీపీల నియామకం పోలీసు నియామక మండలి ద్వారా జరుగుతుంది. నోటిఫికేషన్ వచ్చి ఉంటే దాని తేదీ, పరీక్ష ఏ దశలో ఉందో ఒక వాక్యం రాస్తే చాలు. పదోన్నతి ద్వారా నిండేదైతే ప్యానెల్ ఏ స్థితిలో ఉందో రాయండి.

తాత్కాలిక పోస్టులకు కొనసాగింపు ఉత్తర్వు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి మార్చి 31 దాటి కొనసాగించే ఉత్తర్వు ఉండాలి. బడ్జెట్‌లో సొమ్ము ఉన్నా ఆ కాగితం లేకపోతే ఏప్రిల్ నుంచి బిల్లు కదలదు. చిన్న జీతంతో ఇల్లు నడుపుకొనే టైపిస్టుకు, ఆఫీస్ సబార్డినేట్‌కు మూడు నెలల జీతం ఆగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. కొనసాగింపు ప్రతిపాదనను జనవరిలోనే డైరెక్టరేట్‌కు పంపండి. బడ్జెట్ ఫైలుతో కలిపి పంపకండి, ఆ ఫైలు వెళ్లే వేగం వేరు.

మూడో మెట్టు: జీతం కాని ఖర్చు

పోయిన ఏడాది అంకె మీద పది శాతం కలిపి పంపడం అలవాటైపోయింది. అది అంచనా కాదు. అలా పంపినదాన్ని అటు కూడా అలాగే చూస్తారు, పది శాతం తీసేసి పాత అంకె ఇస్తారు. 132 కింద సొమ్ము ఎందుకో పని లెక్కతో చూపితే మాట నిలుస్తుంది.

కింది స్థాయి కోర్టు ఉన్న ఒక చిన్న ఊళ్లో ఏపీపీ కార్యాలయాన్ని తీసుకోండి. నెలకు 25 చార్జిషీట్లు పరిశీలనకు వస్తాయనుకుందాం. ఒక్కోదానికి వాంగ్మూలాలు, పంచనామా, అభిప్రాయ నోటు కలిపి సగటున 40 పేజీలు తీయాల్సి వస్తే నెలకు 1,000 పేజీలు. 500 కాగితాల రీములు నెలకు 2, ఏడాదికి 24. రీము 300 రూపాయల చొప్పున 7,200. ఒక టోనర్ నింపితే 1,500 పేజీలు వస్తాయనుకుంటే 12,000 పేజీలకు 8 సార్లు నింపాలి. ఇది చార్జిషీట్ల పరిశీలన వరకే. అప్పీలు వేయాలా వద్దా అని అభిప్రాయం పంపేటప్పుడు తీర్పు, సాక్ష్యాల నకళ్ల పేజీలు దీనికి అదనం. ఈ నాలుగు వరుసల లెక్కను ప్రతిపాదన వెనక జతచేయండి. మీ ఊరి ధరలు, మీ రిజిస్టరులోని సంఖ్యలు వేసుకోండి. సొంత అంకెలు లేని లెక్కకు విలువ లేదు.

కొత్త చట్టాల వల్ల ఖర్చు నిజంగానే పెరిగింది. దాన్ని సెక్షన్‌తో సహా చూపాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 105 ప్రకారం సోదా, స్వాధీనం ఆడియో వీడియోగా తీయాలి. చార్జిషీటు వెంట ఆ వీడియో వస్తుంది. సాక్షిని బోనెక్కించే ముందు ప్రాసిక్యూటర్ దాన్ని మొదటి నుంచి చివరిదాకా చూసి తీరాలి. ఎనిమిదేళ్ల నాటి కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరుచుకోదు, తెరుచుకున్నా మాట వినపడదు. కాబట్టి 520 కింద అడిగేటప్పుడు 'ఒక కంప్యూటరు' అని ఊరుకోకుండా, ఉన్న కంప్యూటర్ కొన్న సంవత్సరం, స్టాక్ రిజిస్టరు పేజీ, ఏ పని ఆగుతోంది, హెడ్‌ఫోను, బయటి హార్డ్ డిస్క్ సహా ఏం కావాలి అని రాయండి. అయితే పోలీసు, కోర్టు, ప్రాసిక్యూషన్‌లను కంప్యూటర్లతో కలిపే ఐసీజేఎస్, ఈ-ప్రాసిక్యూషన్ కింద పరికరాలు ఇప్పటికే వచ్చాయా, రాబోతున్నాయా అన్నది డైరెక్టరేట్‌ను అడిగి తెలుసుకున్నాకే అడగాలి. కేంద్ర నిధులతో వచ్చేదాన్ని రాష్ట్ర బడ్జెట్‌లో మళ్లీ అడిగితే మీ మొత్తం జాబితా పక్కన పడుతుంది.

పుస్తకాల హెడ్ 160 చిన్నదే. కానీ 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలు పాత శిక్షాస్మృతి ఐపీసీ కిందే నడుస్తున్నాయి, ఆ తర్వాతివి కొత్త బీఎన్‌ఎస్ కింద. కొన్నేళ్ల పాటు రెండు సెట్లూ బల్ల మీద ఉండాల్సిందే అని ఒక వాక్యం రాస్తే దీన్ని ఎవరూ కాదనరు.

టీఏ హెడ్ 111లోకి కోర్టుల పట్టికలోని దూరం గడి వస్తుంది. వారానికి రెండు రోజులు 45 కిలోమీటర్ల దూరంలోని కోర్టుకు ఇన్‌చార్జిగా వెళ్లే ఏపీపీ నెలకు 8 సార్లు, రానూపోనూ 720 కిలోమీటర్లు తిరుగుతారు. ఈ సంఖ్యను టీఏ కోసమే కాక, కొత్త పోస్టు అడిగే నోట్‌లో కూడా వాడాలి.

ప్రైవేటు భవనంలో ఉన్న కార్యాలయానికి అద్దె అడిగితే ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) ఇచ్చిన అద్దె నిర్ధారణ పత్రం, ఒప్పందం నకలు ఉండాలి. ఒప్పందం గడువు మధ్యలో ముగుస్తుంటే పెరిగే అద్దెను ఏ నెల నుంచి అన్నది విడిగా రాయండి.

281 ప్లీడర్ ఫీజుల దగ్గర మాత్రం ఆగి కూర్చుని లెక్క చేయాలి. స్పెషల్ పీపీ నియామకం జరిగిన ప్రతి కేసుకూ ఆ జీవో నకలు తీయండి. ఫీజు రోజుకా, కేసుకా, ఎవరు భరించాలి అన్నది అందులోనే ఉంటుంది. తర్వాత మూడు గడుల లెక్క: పోయిన ఏడాది బిల్లులు పెట్టి చెల్లింపు కాకుండా మిగిలినవి, ఈ ఏడాది మార్చి దాకా రాబోయేవి, వచ్చే ఏడాది వాయిదాల సంఖ్యను ఫీజుతో గుణించినవి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 15వ సెక్షన్, పోక్సో 32వ సెక్షన్ కింద నియమితులైన ప్రత్యేక ప్రాసిక్యూటర్ల చెల్లింపు ఏ హెడ్ నుంచి అన్నది విడిగా చూసుకోవాలి. కేంద్ర సాయం ఉన్న పథకాల సొమ్ము మామూలు హెడ్‌లో కలిపేస్తే వినియోగ పత్రం ఇవ్వలేరు, తర్వాతి విడత రాదు. పాత బకాయిలను దాచి కొత్త ఏడాది అంకె మాత్రమే చూపడం వల్ల, వచ్చిన సొమ్ము ఏప్రిల్‌లోనే పాత బిల్లులకు హరించుకుపోతుంది. మిగతా పదకొండు నెలలూ ఆ లాయర్లు ఫీజు లేకుండానే హాజరవుతారు, లేదా హాజరు కావడం మానేస్తారు. అత్యాచార బాధితురాలి కేసులో అది జరిగితే ఆ కుటుంబానికి మనం చెప్పగల సమాధానం ఉండదు.

సవరించిన అంచనా: ఇప్పుడు నడుస్తున్న ఏడాది

వచ్చే ఏడాది బీఈతో (బడ్జెట్ అంచనాతో) పాటు ఈ ఏడాది ఆర్‌ఈ (సవరించిన అంచనా) కూడా అదే పట్టికలో అడుగుతారు. గత ఏళ్ల వాస్తవ ఖర్చు, ఈ ఏడాది బీఈ, ఇప్పటిదాకా అయిన ఖర్చు, ఆర్‌ఈ, వచ్చే ఏడాది బీఈ వరుసగా ఉంటాయి. వాస్తవ ఖర్చును మీ క్యాష్‌బుక్ నుంచి కాక ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ (ఆంధ్రప్రదేశ్‌లో సీఎఫ్‌ఎంఎస్, తెలంగాణలో ఐఎఫ్‌ఎంఐఎస్) నివేదిక నుంచి తీసుకోండి. రెండింటికీ తేడా ఉంటే పంపకముందే ట్రెజరీతో సరిచూసుకోండి.

ఆరు నెలల ఖర్చును రెండుతో గుణించి ఆర్‌ఈ వేయడం జీతాలకు కొంతవరకు పనికొస్తుంది. ఫీజులకు, పరికరాలకు పనికిరాదు. వేసవి సెలవుల్లో విచారణలు తగ్గుతాయి కాబట్టి తొలి ఆరు నెలల ఫీజు తక్కువగా కనిపిస్తుంది. ఈ సంగతి వ్యాఖ్యల గడిలో రాయకపోతే ఆర్‌ఈ కుంచించుకుపోతుంది, దాని మీద ఆధారపడి వచ్చే ఏడాది బీఈ కూడా. మిగిలే సొమ్మును కూడా నిజాయితీగా చూపండి. మార్చి ఆఖరున లాప్స్ అయ్యేకన్నా డిసెంబరులో సరెండర్ చేస్తే కొరత ఉన్న పక్క జిల్లాకు డైరెక్టరేట్ దాన్ని మళ్లించగలదు.

కొత్త పోస్టు ఫైలు

బడ్జెట్‌లో సొమ్ము పెట్టినంత మాత్రాన పోస్టు పుట్టదు. పోస్టు మంజూరుకు ఆర్థిక శాఖ సమ్మతితో హోం శాఖ జీవో రావాలి. జీవో వచ్చినా సొమ్ము లేకపోతే మనిషి చేరలేడు. రెండు ఫైళ్లూ సమాంతరంగా నడవాలి, ఒకదానిలో మరోదాని నంబరు ఉండాలి.

నోటు రెండు పేజీలు దాటకూడదు. మొదటి పేరాలో కోర్టు పేరు, ఏర్పాటు జీవో, పని మొదలైన తేదీ. రెండో దానిలో ఇప్పుడు ఎవరు ఎంత దూరం నుంచి చూస్తున్నారు, వారానికి ఎన్ని రోజులు కోర్టు ప్రాసిక్యూటర్ లేకుండా కూర్చుంటోంది. మూడో దానిలో సాక్షుల విచారణ దశలోని కేసుల సంఖ్య, గడిచిన మూడు నెలల్లో ప్రాసిక్యూటర్ లేనందువల్ల పడిన వాయిదాలు. డైరీలో ఆ వాయిదాలను రోజూ గుర్తుపెట్టించి ఉంచితే తప్ప ఈ చివరి సంఖ్య దొరకదు. కాబట్టి ఆ అలవాటు ఇవాళే మొదలుపెట్టండి. ఆ తర్వాత ఖర్చు: పోస్టుకు పూర్తి ఏడాది, మొదటి ఏడాది నెలల లెక్క, ఒక టైపిస్టు, ఒక సబార్డినేట్, ఒకసారి పెట్టే ఫర్నిచరు, కంప్యూటరు. ప్రాసిక్యూటర్ పోస్టు ఒక్కటే అడిగి సిబ్బందిని మరచిపోతే ఆయన అభిప్రాయాలను చేత్తో రాసుకుంటూ కూర్చోవాలి.

పైకి పంపడం, ప్రశ్నలకు జవాబు

డీడీఓల వివరాలు జిల్లా అధికారి దగ్గర కలుస్తాయి, జిల్లాలవి డైరెక్టరేట్‌లో. ఆన్‌లైన్‌లో నమోదు చేశాక ప్రింటు తీసి, సంతకం చేసిన ప్రతిలోని మొత్తాలతో పోల్చండి. అంకెలు వేలల్లోనా రూపాయల్లోనా అన్నది పట్టిక నెత్తిన రాసి ఉంటుంది. అది చూడక మూడు సున్నాలు ఎక్కువ వేసిన ప్రతిపాదనలు తిరిగిరావడం మామూలే. ఒక్క డీడీఓ ఆలస్యం చేసినా జిల్లా మొత్తం ఆగుతుంది, డైరెక్టరేట్ ఆగలేక ఆ కార్యాలయానికి పాత అంకె వేసి పంపేస్తుంది.

డిసెంబరు, జనవరిల్లో పరిశీలన సమావేశాలు ఉంటాయి. అక్కడ మీరు ఉండరు, మీ తరఫున డైరెక్టరేట్ అధికారి చెప్పాలి. ఆయన చేతిలో ఉండాల్సింది ఒక్క పేజీ: ఐదు శాతం మించి పెరిగిన ప్రతి హెడ్‌కూ ఒక కారణం, ఒక జీవో నంబరు. కోత తప్పదంటే ముందు ఏది వదులుకోగలం, ఏది వదులుకోలేం అన్న వరుస కూడా అందులో రాసివ్వండి. ఆ వరుస మీరు చెప్పకపోతే కోత వేసేవాళ్లే నిర్ణయిస్తారు.

సభలో ఆమోదం తర్వాత

హోం శాఖ డిమాండుకు సభ ఓటు వేసి, ద్రవ్య వినిమయ బిల్లు ఆమోదం పొందాక సొమ్ము ఖర్చుకు అధికారం వస్తుంది. హోం శాఖ డిమాండు పుస్తకంలో మీ సబ్ హెడ్ పేజీ తెరిచి, అడిగింది, ఇచ్చింది పక్కపక్కన రాసుకోండి. ఎన్నికల ఏడాది సంగతి వేరు. 2024లో రెండు రాష్ట్రాలూ ఫిబ్రవరిలో ఓట్ ఆన్ అకౌంట్‌తో (కొన్ని నెలల ఖర్చుకే సభ అనుమతితో) సరిపెట్టాయి. పూర్తి బడ్జెట్ తెలంగాణలో జులై 25న, ఆంధ్రప్రదేశ్‌లో నవంబరు 11న వచ్చింది. అలాంటి ఏడాది మొదటి నెలల్లో జీతాలు, నడుస్తున్న ఖర్చులే కదులుతాయి. కొత్త పరికరాలు, కొత్త పోస్టులు పూర్తి బడ్జెట్ దాకా ఆగుతాయని ముందే లెక్కలో ఉంచుకోవాలి.

విడుదల దఫాలుగా వస్తుంది. డైరెక్టరేట్ డీడీఓలకు పంచేటప్పుడు మీ నంబర్ స్టేట్‌మెంట్‌నే ఆధారం చేసుకుంటుంది. ఏడాది మధ్యలో బదిలీలు జరిగితే జీతం సొమ్ము మనిషితో పాటు వెళ్లదు. వచ్చిన వారి కార్యాలయంలో కొరత, వెళ్లిన వారి కార్యాలయంలో మిగులు మిగిలిపోతాయి. బదిలీ ఉత్తర్వు అందిన వారంలోనే సర్దుబాటు కోరుతూ లేఖ పంపాలి. ఒక డిటైల్డ్ హెడ్ నుంచి మరోదానికి మార్చుకోవడం మీ చేతుల్లో లేదు. జీతాల మిగులును ఆఫీసు ఖర్చుకు వాడుకోవచ్చనే ఆశ పెట్టుకోవద్దు. నిజంగా కొరత పడితే 205వ అధికరణ కింద అనుబంధ పద్దులో చేర్చమని అడగాలి. ఆ విన్నపం ఏ కొత్త పరిణామం వల్ల వచ్చిందో చూపగలగాలి. బడ్జెట్ వేసేనాటికే తెలిసిన ఖర్చును మరచిపోయి అనుబంధంలో అడిగితే ఒప్పించడం కష్టం.

నెలనెలా ఖర్చును అకౌంటెంట్ జనరల్ లెక్కలతో సరిచూసుకున్న కాగితాన్ని, ప్రాసిక్యూటర్ లేక పడిన వాయిదాల డైరీ పేజీని, కొత్త జీవోల నకళ్లను ఒకే ఫైలులో పెడుతూ రండి. సెప్టెంబరులో కోర్టుల పట్టిక తెరిచేటప్పుడు మొదట తీయాల్సిన ఫైలు అదే.